ఫెజ్‌లో ఎవరైనా పిలిస్తే

శాంతి వచ్చిన మధ్యాహ్నం మా వీధిలో కరెంటు లేదు. వసారాలో కుర్చీ వేసుకుని మునగాకు దూస్తున్నాను. తాడేపల్లిగూడెం నుంచి పాసింజరు రైల్లో ఏలూరు దిగి, ఆటోలో వచ్చింది. మొహమంతా చెమట. చెప్పులు విప్పుతూనే, "పెద్దమ్మా, సెలవుల్లో ఫెజ్ వెళ్తున్నానండీ. మీరూ అమ్మా వెళ్ళిన ఊరే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఏమేం చూసుకోవాలో మీరైతే బాగా చెప్తారని వచ్చాను" అంది. నా చేతిలో మునగరెబ్బ అలాగే ఉండిపోయింది. శాంతి మా చెల్లెలు దీనకి ఒక్కగానొక్క కూతురు. గూడెంలో కాలేజీ లెక్చరరు. తండ్రి దాని చిన్నతనంలోనే పోయాడు, తల్లి నిరుడు వానాకాలంలో వెళ్ళిపోయింది. మొరాకో నుంచి తిరిగొచ్చాక దీన ఆ ఊరి కబుర్లు చెప్పని రోజు లేదు. బళ్ళు తిరగని వీధులు, గోడల మధ్య ఒరుసుకుంటూ పోయే గాడిదలు, చెయ్యెత్తి ధారగా పోసే పుదీనా టీ. అమ్మ అంతగా చెప్పిన ఊరిని ఒకసారి కళ్ళతో చూసి రావాలని శాంతికి కోరిక పుట్టింది. "ఎవరితో వెళ్తున్నావే?" అన్నాను. "ఒక్కదాన్నేనండీ" అంది.

నేను ఉద్యోగమంతా జాగ్రఫీ పాఠం చెప్పి రిటైరైనదాన్ని. ఊరి గురించి అడిగితే నోరు ఊరుకోదు. ముందు చెప్పుల సంగతి చెప్పాను. పాత ఊరంతా ఏటవాలు, అరిగి నున్నబడిన రాళ్ళు, వాటి మీద గాడిదల పేడ, తోళ్ళు మోసుకెళ్ళేటప్పుడు కారిన నీళ్ళు. అడుగు జారని బూట్లు తప్ప ఇంకేవీ పనికిరావు. చలికాలం వెళ్తే స్వెట్టరు బయటికంటే ఇంట్లోకే ఎక్కువ కావాలి, అక్కడి బసలన్నీ మన మండువా లోగిళ్ళలాంటివి, నడిమధ్య నుంచి చలి తిన్నగా లోపలికి దిగుతుంది. బస పేరు, దగ్గరున్న కోటగుమ్మం పేరు వాళ్ళ అరబ్బీ అక్షరాల్లో రాయించుకుని దగ్గర పెట్టుకోవాలి. ఫోనులో మ్యాపుని నమ్ముకోకూడదు, ఆ ఎత్తు గోడల మధ్య దానికి మతి పోతుంది, నువ్వు ఉన్నచోటు కాకుండా పక్క వీధిలో చూపిస్తుంది. చిల్లర ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. "ఆ దారి మూసేశారు, నేను చూపిస్తాను రండి" అని ఎవరైనా వెంటపడితే "లా, శుక్రన్" అని నవ్వుతూ చెప్పి నడుస్తూనే ఉండాలి. వద్దు, సంతోషం అని దానర్థం. ఆగితే ఇక వదలరు. దారి తప్పితే మాత్రం కొట్టులో కూర్చున్న మనిషిని అడగాలి, వీధిలో నిలబడ్డవాణ్ణి అడగకూడదు. శుక్రవారం మధ్యాహ్నం కొట్లు చాలావరకు కట్టేస్తారు, ఆ పూట ఏమీ కొనాలని పెట్టుకోకు. మసీదుల్లోకి మనల్ని రానివ్వరు, గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఏమీ అనరు. మనుషుల ఫోటో తీసే ముందు అడగాలి. వెనక నుంచి "బాలక్!" అని కేక వినబడితే ఎవరని తిరిగి చూడకుండా గోడకి అతుక్కుపోవాలి, వచ్చేది గ్యాసు బండలు మోసుకొస్తున్న గాడిద. తోళ్ళు నానబెట్టి ఊనే చోటికి వెళ్తే మేడ మెట్ల దగ్గర పుదీనా రెబ్బ చేతిలో పెడతారు, మొహమాటపడకుండా ముక్కు దగ్గర పెట్టుకో. సున్నం, పావురాల రెట్ట కలిసిన ఆ వాసన చీర మడతల్లో ఉండిపోతుంది.

ఇదంతా ఫోనులో టైపు చేసుకుంటోంది శాంతి. వింటున్నప్పుడు తల కొంచెం పక్కకి వాల్చే అలవాటు వాళ్ళమ్మదే. "ఇంకేమైనా ఉందాండీ?" అంది. అప్పుడు నేను, చెప్పకూడదనుకున్న మాట చెప్పేశాను. "ఒక్కదానివే సందులో ఉన్నప్పుడు ఎవరైనా తెలుగులో పిలిస్తే, మనిషి కనబడేదాకా పలక్కు."

శాంతి నవ్వింది. "ఫెజ్‌లో నన్ను తెలుగులో ఎవరు పిలుస్తారండీ?"

నేను నవ్వలేదు. టీ పెడతానని లోపలికి వెళ్ళాను. పాలు పొంగేదాకా స్టవ్ ముందు నిలబడి ఉన్నాను కానీ నా మనసు అక్కడ లేదు.

మా ఊరు కైకలూరుకి దిగువన, కొల్లేటి అంచున ఉండేది. ఆ పేరుతో బస్టాపు ఇప్పటికీ ఉంది కానీ నేనెరిగిన ఊరు లేదు. అమ్మా నాన్నా ముదినేపల్లి స్కూల్లో టీచర్లు కావడంతో నేను మామ్మ దగ్గరే పెరిగాను. మామ్మ బైబిల్ ఉమెన్. మిషను దొరసానుల దగ్గర చదువు నేర్చుకుని, వాళ్ళు ఓడెక్కి వెళ్ళిపోయాక కూడా ఆ పని మానలేదు. కొల్లేటి మధ్య లంక ఊళ్ళకి పడవలో వెళ్ళి, ఆడవాళ్ళని కూర్చోబెట్టి వాక్యం చదివేది, ఇష్టమైనవాళ్ళకి అక్షరాలు నేర్పేది, పురుడొచ్చిన ఇంట్లో వేన్నీళ్ళు కాచిపెట్టేది. వాళ్ళలో చాలామంది చేపలు పట్టుకునే హిందువులు. మతం మారమని మామ్మ ఎవర్నీ అడగగా నేను వినలేదు. గంజిపెట్టిన తెల్లచీర, నల్ల గొడుగు, గుడ్డలో చుట్టిన బైబిలు, రొంటిన శొంఠి ముక్క. ఆ బైబిలు గుడ్డని మిగతా బట్టలతో కలిపి ఉతికేది కాదు, విడిగా గిన్నెలో ఉతికి విడిగా ఆరేసేది. మా ఇంటి గోడలు కిక్కిసవి. కొల్లేట్లో మనిషికి రెండింతలు పెరిగే రెల్లులాంటి గడ్డి అది. దడి అల్లి, మన్ను మెత్తి, మీద సున్నం కొట్టేవాళ్ళు. మన్ను రాలిన చోట్ల గాలి దూరితే గోడలు గుసగుసలాడేవి. కిరసనాయిలు, పిడకల పొగ, ఎండుచేప, గంజి, ఈ నాలుగు వాసనలు కలిస్తే మా ఇల్లు. పొద్దున ప్రార్థన చేసేటప్పుడు మామ్మ కళ్ళు మూసుకుని ఒక్కో లంకలో ఉన్నవాళ్ళ పేర్లు వరసగా చెప్పేది, ఎవరికి ఏం కావాలో దేవుడికి వివరంగా చెప్పేది. నేను ఆకలితో ఆ పేర్లు ఎప్పుడు అయిపోతాయా అని చూసేదాన్ని.

పడవెక్కే ముందు మామ్మ చెప్పే జాగ్రత్తలు కొన్ని ఉండేవి. ఖాళీ కడుపుతో దోనె ఎక్కకూడదు. కిక్కిస మధ్య దారి తప్పితే నీళ్ళలో నాచు ఎటు వాలిందో చూసుకోవాలి, అది కొల్లేటి నీళ్ళని సముద్రానికి తీసుకెళ్ళే ఉప్పుటేరు వైపు వాలుతుంది. నీళ్ళ మీద ఉండగా ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. మనిషి కనబడకుండా గొంతు వినబడితే పలకకూడదు. "దెయ్యాలుంటాయా మామ్మా?" అని అడిగాను ఒకసారి. "ప్రభువుండగా దెయ్యాలేంటి? లేవు" అంది. "మరెందుకు పలకకూడదు?" అన్నాను. "సూరయ్య పలకొద్దంటాడు. ఎవరి పడవ ఎక్కుతామో వాళ్ళ మాట వినాలి" అంది. సూరయ్య మమ్మల్ని లంకలకి తీసుకెళ్ళే మనిషి. గడ వేస్తూ మాట్లాడేవాడు కాదు. కిక్కిసలో దారులు నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండేవి కావు. తేలే గడ్డి దిబ్బలు గాలికి జరిగి ఉన్న సందుని మూసేసేవి, లేనిచోట కొత్త సందు తెరిచేవి. రెండు పక్కలా ఎత్తుగా గడ్డి, పైన చీర అంచంత ఆకాశం. లోపలికి వెళ్ళాక ఊరి చప్పుళ్ళన్నీ ఆగిపోయేవి, మన మాట మనకే పరాయిగా వినబడేది.

ఆ రోజు క్రిస్మస్ దగ్గరపడుతోంది. నాకు పదో పదకొండో ఏళ్ళు. మేం వెళ్ళాల్సిన లంకలో నూకాలు అనే మనిషి ఉండేది. మొగుడు ఎక్కడికో పనికని వెళ్ళి మళ్ళీ రాలేదు. నాలుగేళ్ళ ఆడపిల్లని చంకనేసుకుని కిక్కిస కోసి అమ్ముకుని బతికేది. మామ్మ దగ్గర అక్షరాలు నేర్చుకుంటోంది, గుణింతాలదాకా వచ్చింది. మేం బయల్దేరేసరికి పొద్దెక్కింది కానీ మంచు విడలేదు. దోనె ముందు కొస కూడా సరిగా కనబడటం లేదు. సూరయ్య, "కాసేపాగి ఎల్దామండి అమ్మగారు" అన్నాడు. "వాళ్ళు ఎదురుచూస్తుంటారయ్యా" అంది మామ్మ. కిక్కిసలోకి వెళ్ళి ఎంతసేపైందో చెప్పలేను. నాకు నిద్ర ముంచుకొస్తోంది. అప్పుడు వినబడింది.

"అమ్మగారండీ..."

ఆడగొంతు. చివర దీర్ఘం తీసి, నీళ్ళ మీద దూరం పోయేలా పిలిచే పిలుపు. సూరయ్య గడ ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. మళ్ళీ వచ్చింది, ఈసారి ఎడమ పక్క నుంచి. "అమ్మగారండీ... పిల్లండీ..."

"నూకాలు గొంతు" అంది మామ్మ.

"కావచ్చండి. కాకపోవచ్చండి. మీరు మాత్రం పలక్కండమ్మగారు" అన్నాడు సూరయ్య మెల్లిగా.

మామ్మ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో, తనలో తనే వాదించుకుంటోందో నాకు తెలియలేదు. పిలుపు ఇంకాస్త దూరం నుంచి వచ్చింది, వెళ్ళిపోతున్నట్టు. మామ్మ ఊగే దోనెలో గొడుగు ఊతంగా లేచి నిలబడి, గట్టిగా, "వస్తున్నానమ్మా! ఎక్కడున్నావు?" అని అరిచింది. సూరయ్య కళ్ళు మూసుకున్నాడు. తర్వాత దోనెని ఎడమకి తిప్పాడు.

ఆ గొంతు మాకు అందలేదు. దగ్గరికి వచ్చేశాం అనుకునేసరికి ఇంకో సందు అవతల నుంచి వినబడేది. గడ్డి కదిలేది కాదు, నీళ్ళ చప్పుడు ఉండేది కాదు, పిట్ట లేచేది కాదు. మంచులో ఎక్కడి నుంచో పచ్చి పసుపు వాసన వచ్చింది, అప్పుడే నూరి ఒంటికి పట్టించినంత దగ్గరగా. నేను మామ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆఖరికి ఒక మడుగులాంటి చోట, కోసిన కిక్కిస మోపులతో చిన్న దోనె ఒకటి గడ్డిలో ఇరుక్కుని ఉంది. మోపుల మధ్య నూకాలు కూతురు కూర్చుని ఉంది. ఏడవడం లేదు. జుట్టంతా మంచు. మామ్మ వంగి ఎత్తుకోబోతే ఆ పిల్ల మా వెనక ఉన్న గడ్డి వైపు చెయ్యి చూపించి, "అమ్మ ఇప్పుడే ఎల్లింది. ఇక్కడే ఉండమంది" అంది.

లంకకి చేరేసరికి ఇంటి ముందు జనం. నూకాలుని ఈతచాప మీద పడుకోబెట్టారు. మొహానికి, కాళ్ళకి పసుపు రాసి ఉంది. ముందురోజు కిక్కిస కోస్తుంటే పాము కరిచిందట. తోటి ఆడవాళ్ళు గట్టు మీద చూసేసరికే అయిపోయిందట, అప్పటికింకా పొద్దు కూడా గూకలేదట. దోనె కొట్టుకుపోయింది, పిల్ల కోసం చీకటిపడేదాకా వెతికి, మునిగిపోయిందనుకుని వచ్చేశారు. మామ్మ చంకలో పిల్లని చూసి ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. "ఎట్టా దొరికిందండమ్మగారు?" అని అడిగారు. మామ్మ అబద్ధం ఆడగా నేను విన్నది ఆ ఒక్కసారే. "పిల్ల ఏడుస్తుంటే వినబడిందమ్మా" అంది. సూరయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆ పిల్లని ఉంచుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. రాత్రంతా నీళ్ళ మీద ఒక్కతే ఉండి బతికిన పిల్ల అంటే వాళ్ళకి భయం. మామ్మ మా ఇంటికి తెచ్చేసింది, దీన అని పేరు పెట్టింది. ఇంటికొచ్చిన సాయంత్రం నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, "అక్కడ పలికింది నేను. ఆ బరువు నాది. నువ్వు విన్నది నీ నోట రాకూడదు, దీని చెవిన అసలే పడకూడదు. పడితే తల్లి గొంతు కోసం బతుకంతా నీళ్ళ చుట్టూ తిరుగుతుంది" అంది. మామ్మ నమ్మిన దేవుడి లెక్కలో ఆ పిలుపుకి ఎక్కడా చోటు లేదనీ, అయినా అది లేదని అనలేకపోయిందనీ ఇప్పుడనిపిస్తుంది. ఆ తర్వాత పొద్దున ప్రార్థనలో నూకాలు పేరు చెప్పడం మానలేదు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించకూడదని మా పాస్టరుగారు చెప్పినా వినలేదు. సూరయ్య మాత్రం మళ్ళీ ఆ దారిన మమ్మల్ని తీసుకెళ్ళలేదు.

దీన, నేను ఒకే చాప మీద పడుకుని, ఒకే కంచంలో తిని పెరిగాం. తల్లి మొహం గానీ, ఆ రాత్రి గానీ తనకి గుర్తులేవు. అది నర్సు అయింది, నేను టీచరునయ్యాను. వార్డుల్లో పనిచేసి పనిచేసి దాని మాట మెత్తబడిపోయింది, పక్క గదిలోకి కూడా వినబడేది కాదు. కొల్లేరు మా కళ్ళముందే మారిపోయింది. కిక్కిస కోసేసి గట్లు వేశారు, చేపల చెరువులు తవ్వారు. మధ్యలో ఒకసారి గవర్నమెంటువాళ్ళు ఆ గట్లు కొట్టేశారు, కొన్నిచోట్ల మళ్ళీ లేచాయి. ఆ మధ్య కారులో వెళ్ళి మా ఇల్లుండిన చోటు వెతికాను. చుట్టూ చెరువులు, నీళ్ళని చిలికే మోటార్లు, ఐసు లారీలు. దారి తప్పే వీలే లేదు, ఎక్కడ నిలబడినా కైకలూరు సెల్ టవరు కనబడుతుంది. మంచు పడినా ఇప్పుడక్కడ ఎవరికీ భయం ఉండదు. ఆ మోటార్ల హోరులో ఎవరైనా పిలిచినా ఎవరికి వినబడుతుంది?

దీన కూడా రిటైరయ్యాక ఇద్దరం విజయవాడలో ఒక యాత్రల బృందంలో చేరాం. మొదట పరిశుద్ధ భూమి చూసొచ్చాం. తర్వాత ఎక్కడికని అడిగితే, "బండి చప్పుడు లేని ఊరికి తీసుకెళ్ళక్కా" అంది. ప్రపంచంలో కార్లు దూరలేని పెద్ద పాత ఊరు ఫెజ్ అని నేను ఎన్నో బ్యాచ్‌లకి పాఠం చెప్పాను. అలా వెళ్ళాం. పాత ఊరి గోడకున్న నీలం పెద్ద గుమ్మం దాటి వీధిలోకి దిగిన క్షణమే నా ఒళ్ళు జలదరించింది. రెండు పక్కలా కిటికీలు లేని ఎత్తు గోడలు, పైన చీర అంచంత ఆకాశం. నాలుగు మలుపులు తిరిగేసరికి బజారు రొద మొత్తం ఆగిపోయింది. కాళ్ళ కింద ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. దీనని చూశాను. తన మొహం వెలిగిపోతోంది. "ఎప్పుడో చూసినట్టుందక్కా" అంది. నేను మాట మార్చాను.

రెండోరోజు మధ్యాహ్నం గైడు అందర్నీ రాగిపాత్రలు కొట్టే చౌకులో వదిలి, కాసేపు తిరగమన్నాడు. దీనా నేనూ పక్కనున్న సందులోకి వెళ్ళాం. వెనక నుంచి "బాలక్!" అని కేక. నేను కళ్ళు మూసుకుని గోడకి అతుక్కున్నాను. ఉన్ని మూటలతో గాడిద నన్ను రాసుకుంటూ పోయింది. కళ్ళు తెరిచేసరికి సందులో దీన లేదు. ముందు మలుపుకి పరిగెత్తాను, లేదు. వెనక్కి వచ్చాను, లేదు. ఫోను చేస్తే మోగడం లేదు. "దీనా" అని అరవబోయి ఆగిపోయాను. ఇంత వయసులో, ఎండలో, ఇంకో దేశంలో, నీళ్ళ మీద పేరు పెట్టి పిలవకూడదన్న మాట నా నోరు మూసేసింది. ఒక సందు ఇంకో సందులోకి, అది ఒక మూసిన తలుపు ముందుకి. ఎక్కడ చూసినా ఒకేలాంటి గోడలు. ఒకచోట పసుపు వాసన వచ్చింది. మసాలా కొట్టు ఏదో దగ్గర్లో ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. కొట్టు మాత్రం కనబడలేదు. కొమ్ముతో దువ్వెనలు చేసే ముసలాయన ఒకడు తన అరుగు మీద కూర్చుని ఉంటే ఆయనకి నా చీర చూపించి, ఇలాంటిదే కట్టుకున్న ఇంకో మనిషి అని సైగ చేశాను. ఆయన లేచి, చెప్పులేసుకుని, నన్ను ఒక మెట్లసందు చివరికి తీసుకెళ్ళాడు.

తెరిచిన తలుపు లోపల, వాకిట్లో, దీన కూర్చుని ఉంది. ఒక ముసలావిడ దాని రెండు చేతులూ తన చేతుల్లో పెట్టుకుని ఉంది. పక్కన నిలబడ్డ ఆవిడ కొడుకు ఇంగ్లీషులో చెప్పాడు. పక్కింటి పైకప్పు చలికాలం వానలకి కూలిపోయిందట. లోపల పాడుబడ్డ బావి తప్ప ఏమీ లేదట. తలుపు మాత్రం వీధికి నిలబడి ఉంది. వాళ్ళమ్మ నీళ్ళు పారబోయడానికి బయటికి వస్తే, ఈవిడ రెండు చేతులతో ఆ తలుపు నెడుతూ కనబడిందట, తలుపు సగం తెరుచుకుందట, వాళ్ళమ్మే ఈవిణ్ణి వెనక్కి లాగేసిందట.

"ఎక్కడికెళ్ళావే?" అన్నాను.

"ఎవరో పిలిచారక్కా" అంది దీన. "తెలుగులోనే. మన కొల్లేటి వైపు మాట. ఆడమనిషి. గోడకి అవతల నుంచి. నేను 'వస్తున్నా' అన్నాను కూడా. నువ్వు వినలేదా?"

నేను వినలేదు. మామ్మకిచ్చిన మాట అప్పటిదాకా నిలబెట్టుకున్నాను. ఆ వాకిట్లో, ఆ పరాయి ముసలావిడ ముందు, ఇక దాచడం నా వల్ల కాలేదు. మంచు, దోనె, మామ్మ పలకడం, లంకలో పసుపు రాసిన మొహం, అంతా చెప్పేశాను. మీ అమ్మ గొంతే మమ్మల్ని నీ దగ్గరికి తెచ్చిందన్నాను. ఏ మాటలతో పిలిచిందో దీన అడగలేదు, నేను చెప్పలేదు. ముసలావిడ టీ పోసింది. దీన గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"ఇవాళ పిలిచింది కూడా అమ్మేనంటావా?"

"నాకు తెలీదే."

"అమ్మైతే బావి ఉన్న ఇంట్లోకి ఎందుకు పిలుస్తుందక్కా?"

దీనే చెప్పింది, మెల్లిగా, పేషెంటు గురించి చెబుతున్నట్టు. "ఒక్కర్తే ఉండలేకపోతోందేమో." దాని మొహంలో భయం లేదు. అదే నన్ను భయపెట్టింది. మర్నాటి నుంచి ఊరు వదిలేదాకా దాని కొంగు నా చేతికి చుట్టుకుని తిరిగాను. తిరిగొచ్చిన ఏడాదికి దానికి జబ్బు బయటపడింది. కాలేయం అన్నారు. అంతకుముందే లోపల ఉండి ఉంటుందన్నారు డాక్టర్లు. ఉండే ఉంటుంది.

టీ గ్లాసులు తీసుకుని వసారాలోకి వచ్చాక శాంతికి ఇదంతా చెప్పాను. ఒక మనిషిని ఆ ఊరికి ఒంటరిగా పంపిస్తూ బూట్ల గురించీ చిల్లర గురించీ చెప్పి, ఇది చెప్పకపోతే ఎలా? మధ్యలో కరెంటు వచ్చింది, లోపల ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది, ఇద్దరం లేవలేదు. శాంతి ఫోను ఎప్పుడో పక్కన పెట్టేసింది. చెప్పడం అయిపోయాక అడిగింది. "మా అమ్మమ్మ ఏమని పిలిచిందండీ, ఆ రోజు?"

చెప్పాను. ఆ దీర్ఘం నాకు రాదు కాబట్టి మామూలుగానే చెప్పాను.

శాంతి మొహం రంగు మారిపోయింది. "పెద్దమ్మా, అమ్మ ఆఖరి రోజు మీరు జ్వరంతో ఆసుపత్రికి రాలేకపోయారు కదండీ" అంది. "అమ్మ పొద్దున్నుంచీ పిలుస్తూనే ఉంది. గొంతే లేని మనిషి, వార్డంతా వినబడేలా, సాగదీసి, 'అమ్మగారండీ' అని. హెడ్ నర్సుని పిలుస్తోందనుకున్నాం. ఆవిడ పరిగెత్తుకొచ్చి 'ఏం కావాలమ్మా' అంటే, ఆవిణ్ణి దాటి గుమ్మం వైపు చూస్తూ 'పిల్లండీ' అంది. సాయంత్రందాకా అవే రెండు మాటలు. ఆవిడా నేనూ ఎన్నిసార్లు పలికినా ఆగలేదు. ఎవర్ని పిలిచిందంటారు?"

పెరట్లో కాకి అరుస్తోంది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుంటున్నారు. మామ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. సూరయ్యా పోయాడు. ఆ దోనెలో ఉన్నవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. ఆ రోజు నేను ఇదే వసారాలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాను. జ్వరం మగతలో ఏదైనా వినబడిందా అని ఎంత గుర్తు చేసుకున్నా ఏమీ తట్టలేదు. ఆ పిలుపు ఎవరికోసమో వాళ్ళు అప్పుడు పలకలేదన్నది మాత్రం నిజం. పలికితే ఏమవుతుందో, పలక్కపోతే ఏమవుతుందో ఇన్నేళ్ళొచ్చినా నేను నేర్చుకోలేదు. మామ్మకి మాత్రం ఏం తెలుసు? పిల్ల అన్నారు, వెళ్ళింది. ఇప్పుడా పిల్ల నా ఎదురుగా కూర్చుని ఉంది.

"టికెట్టు తీసేశావా?" అని అడిగాను.

"లేదండీ. రేపు తీద్దామని."

"రెండు తియ్యి."

"అంతంత మెట్లండీ. మీ మోకాళ్ళు?"

"మోకాళ్ళ సంగతి అక్కడ చూసుకుందాం" అన్నాను. "ఆ సందుల్లో నువ్వు మాత్రం నా చెయ్యి వదలకు."